ఆల్జినేట్ జెల్ సెమ్ ఫొటోలో రంధ్రాలు జెల్‌వి కావంటున్న రివ్యూయర్. ఏం చేయాలి?

జిగురుపిల్ల
పీహెచ్‌డీ మూడో ఏడు. సముద్రపు పాచి నుంచి తీసే సోడియం ఆల్జినేట్‌ని కాల్షియం క్లోరైడ్‌లో గట్టిపరిచి, పైన రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్ పొర వేసి, గాయాల మీద వేసే పట్టీ తయారుచేస్తున్నాను. ఏడాదిన్నర పని. పేపర్ పంపితే నిన్న జవాబు వచ్చింది. మొదటి రివ్యూయర్ రెండు లైన్లు రాసి బాగుందన్నారు. రెండోవారు రెండు పేజీలు రాశారు.

వారి మాట ఇదీ. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఫొటోల్లో నేను చూపించిన 100 మైక్రాన్ల గదులు జెల్‌వి కావట, ఫ్రీజ్ డ్రయ్యర్‌లో పెట్టేముందు ఐసు చేసినవట. పరారుణ కాంతితో బంధాల్ని చూసే ఎఫ్‌టీఐఆర్‌లో పీక్ నాలుగు యూనిట్లు జరిగిందని "బలమైన హైడ్రోజన్ బంధాలు" అని ఎలా రాస్తారని అడిగారు. శీర్షికలో "నానోస్ట్రక్చర్డ్" అని పెట్టి, లోపల నానోమీటర్లలో ఒక్క కొలతా ఇవ్వలేదన్నారు.

గైడ్ గారు "వేరే జర్నల్‌కి పంపేద్దాం, అక్కడ ఇవన్నీ అడగరు" అంటున్నారు. నాకు మనసు ఒప్పట్లేదు. వారు చెప్పింది నిజమైతే ఏడాదిన్నరగా నేను దేన్ని చూస్తున్నట్టు? 45 రోజులు గడువుంది. మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్నవి సెమ్, ఎఫ్‌టీఐఆర్, జెల్ గట్టిదనం కొలిచే రియోమీటర్. అంతే.

సాగర్_పాలిమర్
జెల్ మీద ఏ పేపర్ తీసినా తేనెపట్టులాంటి ఆ ఫొటో ఉంటుంది. అందరికీ లేని అభ్యంతరం మీకే ఎందుకు? గైడ్ గారు చెప్పినట్టే చెయ్యండి. ఫెలోషిప్ గడువు ఆగదు.

కొల్లాయిడ్_మావయ్య
సాగర్, అందరూ చేస్తున్నారని ఊరుకోవడం వల్లే ఆ ఫొటో ముప్ఫై ఏళ్ళుగా ఇలా తిరుగుతోంది. రివ్యూయర్ చెప్పింది నిజం.

అమ్మాయీ, నీ జెల్‌లో ఆల్జినేట్ రెండు శాతం ఉంటుందనుకుందాం. మిగతా 98 శాతం నీళ్ళే. దాన్ని ఫ్రీజర్‌లో పెట్టావు. నీళ్ళు నెమ్మదిగా ఐసు పలుకులవుతాయి. ఐసు తన స్ఫటికంలోకి ఇంకో పదార్థాన్ని రానివ్వదు. పలుకు పెరిగేకొద్దీ ఆల్జినేట్ గొలుసుల్ని, కాల్షియాన్ని పక్కకు తోసేస్తుంది. రెండు పలుకుల మధ్య ఇరుక్కున్న పాలిమర్ నలిగి రేకులా గోడ కడుతుంది. తరువాత వాక్యూమ్‌లో ఐసు ఆవిరైపోతుంది, గోడలు మిగులుతాయి. నువ్వు ఫొటో తీసింది ఐసు ఖాళీ చేసిపోయిన ఇంటిని. తడి జెల్‌లో గొలుసుకీ గొలుసుకీ మధ్య దూరం నానోమీటర్లలో ఉంటుంది. నీ గది 100 మైక్రాన్లు. వేల రెట్లు తేడా.

నమ్మకం కుదరకపోతే ఒకే జెల్‌ని మూడు ముక్కలు చెయ్యి. ఒకటి మైనస్ 20లో, ఇంకోటి మైనస్ 80లో, మూడోది ద్రవ నైట్రోజన్‌లో. ఒకే రోజు, ఒకే డ్రయ్యర్. రంధ్రాలు జెల్‌వే అయితే మూడింటిలోనూ ఒకే సైజు రావాలి.

జిగురుపిల్ల
మావయ్య గారూ, ఇది చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. పోయినేడు మా మైనస్ 80 పాడైతే ఒక బ్యాచ్ మైనస్ 20లో పెట్టాను. ఆ బ్యాచ్‌లో రంధ్రాలు బాగా పెద్దగా వచ్చాయి. "కాల్షియం తక్కువై క్రాస్‌లింకింగ్ (గొలుసుల మధ్య ముడిపడడం) సరిగా జరగలేదు" అని నోట్‌బుక్‌లో రాసి పక్కన పడేశాను. ఆ పేజీ ఇప్పుడే తీసి చూశాను.

కొల్లాయిడ్_మావయ్య
ఆ పేజీ జాగ్రత్త. నీ రివ్యూయర్‌కి జవాబు అందులోనే ఉంది.

వంటింటి_కెమిస్ట్రీ
ఐసు మాట వచ్చింది కాబట్టి. మనం ఫలూదాలో, పుడ్డింగుల్లో వేసుకునే చైనా గ్రాస్ పోగుల్ని ఎప్పుడైనా వెలుతురుకు పెట్టి చూశారా? స్పాంజిలా బోలుగా ఉంటాయి. జపాన్‌లో 17వ శతాబ్దం నుంచీ దాన్ని చేసే పద్ధతే అది. సముద్రపు పాచిని ఉడికించి, ఆ జెల్‌ని చలికాలం రాత్రి బయట పెడతారు. రాత్రి గడ్డకడుతుంది, పగలు కరిగి నీళ్ళు కారిపోతాయి. కొన్నాళ్ళు అలా చేస్తే ఎండిన అగర్ మిగులుతుంది. ఐసు పాలిమర్‌ని పక్కకు తోస్తుందనే సంగతి మీద ఆ పల్లెలన్నీ బతికాయి.

అదే అగర్‌ని 1880ల మొదట్లో ఫానీ హెస్సే అనే ఇల్లాలు తన వంటింటి అనుభవంతో సూచిస్తే, రాబర్ట్ కోచ్ ల్యాబ్‌లో బ్యాక్టీరియా పెంచడానికి వాడారు. ఇవాళ్టికీ పెట్రీ డిష్‌లలో ఎక్కువగా వాడేది అదే.

నూనె_దీపం
ఫలూదా అనగానే ఆకలేస్తోంది. రాత్రి పదకొండింటికి ఈ థ్రెడ్ చదవకూడదు.

హనుమకొండ_హైడ్రోజెల్
మావయ్య చెప్పింది కరెక్టే గని ఒక మాట. సెమ్ ఫొటో మొత్తం పారేసుడు అవసరం లేదు. చెల్లె చేసేది గాయం మీద పట్టీ. దాన్ని ఎండబెట్టిన స్పాంజి లెక్కనే ప్యాక్ చేసి అమ్ముతరు కద? గసుంటప్పుడు ఆ 100 మైక్రాన్ల గదులు ఉన్నయే. గాయం నుంచి కారే తడి వాటిలకే పోతది, కణాలు వాటిలకే పాకుతయి. ఐసు చేసిందైనా, ఇంకొకటి చేసిందైనా, అయి నిజమైన గదులు. కాకపోతే అవి "జెల్ నెట్‌వర్క్ రంధ్రాలు" అని రాయొద్దు. "ఐసు అచ్చుతో వచ్చిన పెద్ద రంధ్రాలు" అని రాయాలె. నేను నా థీసిస్‌ల అట్లనే రాసిన, ఎవ్వరు కాదనలే.

కొల్లాయిడ్_మావయ్య
హనుమకొండ, ఒప్పుకున్నాను. నేను ఆ కోణం చూడలేదు. వస్తువు ఎండు స్పాంజి అయితే ఆ ఫొటోకి విలువుంది. తడి జెల్ గురించి మాట్లాడేటప్పుడే అది పనికిరాదు.

జిగురుపిల్ల
మా పట్టీ ఎండబెట్టినదే. వాడేముందు సెలైన్‌లో తడుపుతారు. అంటే రెండు కథలూ కావాలన్నమాట, ఎండుది ఒకటి, తడిది ఒకటి. తడిదాని నానో కొలత ఎలా? ఎక్స్‌రేలతో నానో కొలతలు చూసే సాక్స్ మాకు లేదు.

రియోమీటర్_రాజు
రియోమీటర్ ఉందిగా, దానితోనే లెక్క కట్టొచ్చు. స్టోరేజ్ మాడ్యులస్ జీ ప్రైమ్, అంటే జెల్ గట్టిదనం తెలిస్తే, బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో హెచ్చవేసి, జీ ప్రైమ్‌తో భాగించి, ఘనమూలం తీస్తే గొలుసుల వలలో కన్ను సైజు వస్తుంది. 25 డిగ్రీల దగ్గర 1000 పాస్కల్స్‌కి 16 నానోమీటర్లు. నీ జెల్ ఎంత?

జిగురుపిల్ల
దాదాపు 8000 పాస్కల్స్.

రియోమీటర్_రాజు
అయితే 8 నానోమీటర్లు. అయిపోయింది, శీర్షికలో "నానో" ఉంచేసుకో.

ట్రాండ్‌హైమ్_తెలుగు
రాజు గారూ, అంత తొందరొద్దు. ఆ సూత్రం రబ్బరు కోసం పుట్టింది. గొలుసులు మెత్తగా, ఎటు పడితే అటు వంగే చోట, సాగదీస్తే ఎంట్రపీ వల్ల వెనక్కి లాగే చోట అది పనిచేస్తుంది. ఆల్జినేట్ అలా ఉండదు. చక్కెర ఉంగరాలు వరుసగా అతుక్కున్న బిరుసు గొలుసు, పది నానోమీటర్ల పైచిలుకు దాకా నిటారుగా నిలబడుతుంది. మీ లెక్కలో వచ్చిన కన్ను 8 నానోమీటర్లు. గొలుసు వంగడానికి పట్టే దూరం కన్నా వల కన్నే చిన్నదైతే, ఆ సూత్రానికి ఆధారమే పోయింది.

అగర్ నుంచి తీసే అగరోజ్‌తో ఇది ఇంకా తేటగా తెలుస్తుంది. 1 శాతం అగరోజ్ జెల్ జీ ప్రైమ్ పదివేల పాస్కల్స్ పైమాటే. మీ సూత్రం ప్రకారం కన్ను దాదాపు 7 నానోమీటర్లే ఉండాలి. కానీ దాదాపు 60 నానోమీటర్ల టీ7 ఫేజ్ (బ్యాక్టీరియాకి సోకే వైరస్) కణాన్ని అదే జెల్‌లో కరెంటు పెట్టి పరిగెత్తించవచ్చు. 7 నానోమీటర్ల సందులోంచి 60 నానోమీటర్ల గుండు ఎలా దూరింది? ఎందుకంటే అగరోజ్ గొలుసులు మెలికలుగా చుట్టుకుని, ఆ మెలికలు కట్టలు కట్టి, లావుపాటి పోగులవుతాయి. పోగులు లావైతే జెల్ గట్టిగా ఉంటుంది, పోగుల మధ్య సందులు మాత్రం పెద్దవిగా మిగులుతాయి. గట్టిదనం చూసి సందు చిన్నదని అనుకోకూడదు. కట్టెల మోపు విప్పి పరిస్తే సందులు తగ్గుతాయి, మోపు కట్టి నిలబెడితే మధ్యలో మనిషి నడిచిపోవచ్చు. కట్టెలు అవే.

రియోమీటర్_రాజు
మా గ్రూపులో పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) జెల్స్‌కి ఈ లెక్కే వాడతాం, ఎప్పుడూ సరిగ్గానే వచ్చింది.

ట్రాండ్‌హైమ్_తెలుగు
పీఈజీకి వస్తుంది, అది మెత్తటి గొలుసు. ఆల్జినేట్ లాంటి పాలీశాకరైడ్‌కి (చక్కెర గొలుసుకి) ఆ సంఖ్యను "అంచనా" అని రాసి, పక్కన ఇంకో కొలత పెడితే అభ్యంతరం లేదు. అది ఒక్కటే పెడితే ఆ రివ్యూయర్ మళ్ళీ రెండు పేజీలు రాస్తారు.

డెక్‌స్ట్రాన్_దేవి
ఇంకో కొలత అంటే, ఖర్చు తక్కువది ఒకటి చెబుతాను. ఫ్లోరెసెంట్ డెక్‌స్ట్రాన్లు (మెరిసే రంగు అంటించిన చక్కెర గొలుసులు) కొను. 4 కిలోడాల్టన్లది దాదాపు 1.4 నానోమీటర్ల వ్యాసార్ధం, 70ది దాదాపు 6, 2000ది పాతిక పైన. నీ జెల్ ముక్కల్ని వీటిలో వేసి, ఏది లోపలికి పోతోందో, ఏది గడప దగ్గరే ఆగిపోతోందో చూడు. కాన్ఫోకల్ మైక్రోస్కోప్ ఎక్కడైనా దొరికితే ఫ్రాప్ చెయ్యి (ఒక చోట మెరుపుని లేజర్‌తో చెరిపి, మళ్ళీ ఎంతసేపట్లో నిండుతుందో చూడడం), వేగం కూడా వస్తుంది. నేను నా పెక్టిన్ జెల్‌కి ఇదే చేశాను. ఒక వారం పని. జెల్‌ని ఎండబెట్టనక్కర్లేదు, అదే దీని గొప్ప.

జిగురుపిల్ల
దేవి అక్కా, 70 మా పక్క ల్యాబ్‌లో ఉంది. రేపే అడుగుతాను.

సాగర్_పాలిమర్
రంధ్రాల సంగతి ఒప్పుకున్నాను. నిన్న నేను రాసింది తొందరపాటు. కానీ ఎఫ్‌టీఐఆర్ విషయంలో రివ్యూయర్ మరీ పట్టుబట్టారనిపిస్తోంది. పీక్ జరిగితే ఏదో ఇంటరాక్షన్ ఉన్నట్టే కదా?

స్పెక్ట్రా_శారద
ఏదో ఉందనడం వేరు, ఏముందో చెప్పడం వేరు. ఆ ప్రాంతం చూడండి. 1600 దగ్గర ఆల్జినేట్ కార్బాక్సిలేట్, 1590 దగ్గర కైటోసాన్ అమైన్, 1650 దగ్గర కైటోసాన్‌లో మిగిలిన అమైడ్, 1640 దగ్గర నీళ్ళు. సంతలో నలుగురు ఒకేసారి అరుస్తుంటే ఒకరి గొంతు కాస్త మారిందని చెప్పడం లాంటిది. శాంపిల్‌లో తేమ కొంచెం ఎక్కువైనా ఆ పీక్ నాలుగు యూనిట్లు జరుగుతుంది. ఇక 3400 దగ్గర వెడల్పాటి గుట్ట చూపించి హైడ్రోజన్ బంధం అంటారు. తడి పంచదారలోనూ ఆ గుట్ట ఉంటుంది.

పోగొట్టి చూస్తేనే బంధం తెలుస్తుంది. కాల్షియం వల్లే జెల్ నిలబడిందంటే, కాల్షియం లాగేస్తే కూలాలి. సోడియం సిట్రేట్‌లో వెయ్యి, గడియారం పెట్టు. మెగ్నీషియం క్లోరైడ్‌తో అదే గాఢతలో ప్రయత్నించు. మెగ్నీషియానికీ రెండు ఛార్జీలే, అయినా ఆల్జినేట్ జెల్ కాదు. ఆ ఒక్క టెస్ట్‌ట్యూబ్ ఫొటో నీ పీక్ కన్నా గట్టి సాక్ష్యం. కైటోసాన్‌ని ఆల్జినేట్‌తో పట్టి ఉంచింది ఛార్జీల ఆకర్షణే అంటావా, ఉప్పు గాఢత పెంచుతూ పో, పొర ఊడుతుందో లేదో చూడు. హైడ్రోజన్ బంధాలంటావా, వాటిని విడదీసే యూరియా వేసి చూడు.

పాడేరు_కుర్రాడు
నేను సైన్స్ చదువుకోలేదు, జిగురు మాట చూసి వచ్చాను. మా నాన్న గిరిజన కోఆపరేటివ్ డిపోకి తపసి బంక వేసేవారు. చెట్టుకి గాటు పెడితే కారి గడ్డకట్టేది. తుమ్మ బంక నీళ్ళలో వేస్తే పూర్తిగా కరిగిపోయేది. తపసి బంక మాత్రం ఎంత నానబెట్టినా ఉబ్బేదే కానీ కరిగేది కాదు. రెండూ చెట్టు జిగురులే, ఇంత తేడా ఎందుకు అని చిన్నప్పుడు అడిగేవాణ్ణి, ఎవరూ చెప్పలేదు.

ట్రాండ్‌హైమ్_తెలుగు
ఈ థ్రెడ్ మొత్తంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. తుమ్మ బంక గొలుసు పొదలా కొమ్మలు కొమ్మలుగా, ముద్దగా ఉంటుంది. ముద్దలు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. అందుకే ముప్ఫై శాతం కలిపినా పోసుకునేట్టే ఉంటుంది. తపసి బంక గొలుసుల మీద అసిటైల్ గుంపులు అతుక్కుని ఉంటాయి. వాటివల్లే అది కరగకుండా ఉబ్బి నిలుస్తుంది. క్షారం కలిపి ఆ గుంపుల్ని తీసేస్తే కరుగుతుంది. నిల్వ ఉన్న తపసి బంక డబ్బా తీస్తే వెనిగర్ వాసన వచ్చేదా?

పాడేరు_కుర్రాడు
వచ్చేది! గోనె సంచుల్లోంచి పుల్లటి వాసన. బంక పాడైందని నాన్న భయపడేవారు.

ట్రాండ్‌హైమ్_తెలుగు
ఆ అసిటైల్ గుంపులే ఊడి అసిటిక్ ఆమ్లం అవుతాయి. ఆ వాసన దానిదే.

నూనె_దీపం
పాతికేళ్ళ ప్రశ్నకి పది నిమిషాల్లో జవాబు. ఇందుకే ఈ ఫోరం వదలను.

విశాఖ_వనజ
వంటింటి మాటే ఇంకొకటి. మా అత్తగారు బూడిదగుమ్మడితో పేఠా చేసేటప్పుడు ముక్కల్ని సున్నపు తేటలో నానబెట్టి, బాగా కడిగి, తరవాత పాకంలో ఉడికించేవారు. సున్నం వేయకపోతే ముక్క చితికిపోతుంది. వేస్తే పైన కరకర, లోపల రసం. ఇది కూడా మీ కాల్షియం కథేనా?

స్పెక్ట్రా_శారద
అదే కథ వనజ గారూ. గుమ్మడి కణాల గోడల్లో పెక్టిన్ ఉంటుంది. సున్నంలోని కాల్షియం రెండు పెక్టిన్ గొలుసుల మధ్య కూర్చుని వాటిని కలిపి పట్టుకుంటుంది. ఆల్జినేట్‌లో కాల్షియం పట్టే భాగానికి గులురోనిక్ ఆమ్లం అని పేరు, పెక్టిన్‌లో గలాక్టురోనిక్. దాదాపు అద్దంలో బొమ్మల్లా ఉంటాయి ఆ రెండు గొలుసులు. 1973లో గ్రాంట్, మోరిస్, రీస్, స్మిత్, థామ్ అనే అయిదుగురు దీనికి "ఎగ్ బాక్స్" నమూనా ఇచ్చారు. కోడిగుడ్ల అట్ట గుంటల్లో గుడ్లు కూర్చున్నట్టు గొలుసుల గుంటల్లో కాల్షియం అయాన్లు.

జిగురుపిల్ల
ఆ బొమ్మ నా పేపర్‌లో మొదటి ఫిగరే. దాన్ని కూడా తీసేయమంటారా?

ట్రాండ్‌హైమ్_తెలుగు
ఉంచండి, కానీ రెండు గొలుసులు, మధ్యలో గుడ్లు అని అక్కడితో ఆపొద్దు. కాల్షియం కొద్దిగా ఉన్నప్పుడు ఒక్కో గొలుసుకి విడిగా అంటుకుంటుంది. ఇంకాస్త పెరిగితే గొలుసులు జతకడతాయి. ఇంకా పెరిగితే ఆ జతలు పక్కపక్కన చేరి కట్టలవుతాయి. ఇలా మూడు మెట్లలో జరుగుతుందని 2007లో ఫాంగ్ బృందం కెలోరిమెట్రీ, స్నిగ్ధత కొలతలతో చూపించింది. మీ జెల్ ఏ మెట్టు మీద ఉందన్నది కాల్షియం ఎంత వేశారు, ఆల్జినేట్‌లో జీ (గులురోనిక్ భాగం) ఎంత ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మీరు అడగవలసిన నానో ప్రశ్న ఇదే: కట్ట ఎంత లావు, కట్టకీ కట్టకీ దూరం ఎంత.

అన్నట్టు మీ ఆల్జినేట్‌లో ఎం (మాన్యురోనిక్ భాగం), జీ నిష్పత్తి ఎంత? నేనుండే ఈ నార్వే ఊరు ట్రాండ్‌హైమ్‌లో హౌగ్, స్మిడ్స్‌రోడ్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో ఈ పాచి మీద చేసిన పని వల్లే లోకానికి తెలిసింది, ఏ పాచి నుంచి తీస్తే ఏ జెల్ వస్తుందో. లామినేరియా హైపర్‌బోరియా కాడ నుంచి తీస్తే జీ దాదాపు 70 శాతం. గట్టి, పెళుసు జెల్. వేరే పాచి అయితే ఎం ఎక్కువ, మెత్తగా సాగుతుంది.

జిగురుపిల్ల
సీసా మీద "సోడియం ఆల్జినేట్, తక్కువ స్నిగ్ధత" అని మాత్రమే ఉంది. నిష్పత్తి లేదు.

కాకినాడ_రొయ్య
కైటోసాన్‌దీ ఇదే బాధ. మేం రొయ్య పొట్టు నుంచి తీస్తాం. ఆమ్లంతో ఖనిజం తీసి, క్షారంతో ప్రొటీన్ తీసి, మళ్ళీ చిక్కటి క్షారంలో వేడిచేసి అసిటైల్ ఊడగొడతాం. పొట్టు ఎంత తాజాగా ఉంది, క్షారం ఎంతసేపు మరిగింది అన్నదాన్ని బట్టి డీఅసిటైలేషన్ శాతం మారుతూ ఉంటుంది. సీసా మీద 85 ఉంటే ప్రతి బ్యాచ్ 85 అని నమ్మేయకండి. ఎన్‌ఎంఆర్ (అణువుల నిర్మాణం చెప్పే పరీక్ష) ఒకసారి చేయించండి, రెండు పదార్థాలకీ. ఆల్జినేట్ నిష్పత్తి కూడా దానిలోనే వస్తుంది. ఇది చెప్పకుండా జెల్ గుణాలు రాస్తే, ఇంకొకళ్ళు అదే చేయబోతే రాదు.

హనుమకొండ_హైడ్రోజెల్
రొయ్యన్న చెప్పింది బంగారం. నాకు రెండో సీసా కొన్నంక జెల్ సగం గట్టిదనం అయింది. ఆర్నెల్లు నా చేతుల తప్పు అనుకున్న.

జిగురుపిల్ల
ఒక సందేహం ఇప్పుడు అడిగేస్తాను. మా పట్టీని పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం) 37 డిగ్రీల దగ్గర ఉంచితే ఆరు గంటల్లో ఉబ్బి ఊడిపోయింది. "జీవ విచ్ఛిన్నత" అని రాశాను. అదీ తప్పేనా?

స్పెక్ట్రా_శారద
తప్పే తల్లీ. పీబీఎస్‌లో ఫాస్ఫేట్ ఉంది, అది కాల్షియాన్ని లాగేసుకుంటుంది. సోడియం పుష్కలంగా ఉంది, అది వచ్చి ఖాళీ గుంటల్లో కూర్చుంటుంది. గొలుసు ఎక్కడా తెగలేదు, ముడి మాత్రమే విడిపోయింది. విచ్ఛిన్నత అంటే గొలుసు తెగాలి. పైగా మనిషి శరీరంలో ఆల్జినేట్‌ని తెంచే ఎంజైమే లేదు. పైన కైటోసాన్ సంగతీ చూడు. దాని పీకేఏ, అంటే అమైన్లలో సగం ఛార్జీ పోయే పీహెచ్, దాదాపు 6.5. పీబీఎస్ పీహెచ్ 7.4లో అమైన్ల ఛార్జీ చాలావరకు పోతుంది, ఆల్జినేట్‌ని పట్టుకునే చెయ్యి వదులైపోతుంది. పీబీఎస్ బదులు కాస్త కాల్షియం ఉన్న సెలైన్ తీసుకో. గాయం నుంచి కారే ద్రవంలో కూడా కాల్షియం ఉంటుంది.

రియోమీటర్_రాజు
దీనికి నాదో చేర్పు. కాల్షియం క్లోరైడ్ తొట్టిలో ముంచితే పైపొర ముందు బిగుస్తుంది, లోపల ఆలస్యం. ఒకే ముక్కలో పైన ఒక జెల్, లోపల ఇంకో జెల్. నేను కాల్షియం కార్బొనేట్ పొడి కలిపి, జీడీఎల్ వేసి, నెమ్మదిగా ఆమ్లం పుట్టిస్తూ లోపల్నుంచే బిగించేవాణ్ణి. అంతటా ఒకేలా వస్తుంది. ఏ కొలతకైనా అదే నయం. ఇంకోమాట, ట్రాండ్‌హైమ్ గారు చెప్పిన అగరోజ్ ఉదాహరణ రెండు రోజులు ఆలోచించాను. మా విద్యార్థులకి ఆ సూత్రం ఇచ్చేటప్పుడు ఇకనుంచి కట్టెల మోపు కథ కూడా చెబుతాను.

ట్రాంబే_టిఫిన్
ఆలస్యంగా చూశాను. సాక్స్ లేదన్నారు కదా. మీ డిపార్ట్‌మెంట్‌లో లేకపోవచ్చు, దేశంలో ఉంది. దేశంలోని పరిశోధన పరికరాల వివరాలుండే ఐ-స్టెమ్ పోర్టల్‌లో వెతికితే ఏ సంస్థలో ల్యాబ్ సాక్స్ ఉందో తెలుస్తుంది, బయటివాళ్ళకి స్లాట్ ఇస్తారు. ఇండోర్‌లో బలమైన ఎక్స్‌రేలిచ్చే ఇండస్-2 సింక్రోట్రాన్ ఉంది. ట్రాంబేలో ధ్రువ రియాక్టర్ దగ్గర సాన్స్ (సాక్స్ లాంటిదే, ఎక్స్‌రేల బదులు న్యూట్రాన్లతో) ఉంది, విశ్వవిద్యాలయాల వాళ్ళు యూజీసీ-డీఏఈ కన్సార్షియం ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ 45 రోజుల్లో సింక్రోట్రాన్, రియాక్టర్ కుదరడం కష్టం. ల్యాబ్ సాక్స్ కుదురుతుంది.

సాక్స్‌లో సాధారణంగా 2 నుంచి 60 నానోమీటర్ల దాకా వివరం దొరుకుతుంది. మీక్కావలసింది సరిగ్గా అదే కిటికీ. తడి జెల్ తడిగానే పెట్టొచ్చు. కాల్షియం లేని ద్రావణం ఒకటి, కాల్షియం కొంచెం కొంచెం పెంచుతూ నాలుగైదు జెల్స్. వీటితోపాటు ఖాళీ ద్రావకం తప్పకుండా కొలవండి, అది తీసేయకపోతే మిగతాదంతా వృథా. లాగ్ స్కేల్‌లో గీసిన సాక్స్ వంపు మధ్యలో వాలు మైనస్ 1 దగ్గర ఉంటే కర్రల్లాంటి కట్టలున్నట్టు, ఆ కర్ర లావు అక్కడ్నుంచే లెక్కకట్టొచ్చు. సాన్స్‌కి వెళ్ళే రోజు వస్తే మామూలు నీళ్ళ బదులు భారజలంలో చెయ్యండి. హైడ్రోజన్, డ్యుటీరియం న్యూట్రాన్లకి వేర్వేరుగా కనిపిస్తాయి, గొలుసు తేటగా బయటపడుతుంది. కైటోసాన్ ఎక్కడుంది, ఆల్జినేట్ ఎక్కడుంది అని విడదీసే దారి కూడా అక్కడే ఉంది.

సాగర్_పాలిమర్
ట్రాంబే అన్నా, మీరు రాసిన వాలు లెక్క గురించి వేరే థ్రెడ్ పెట్టగలరా? నాకు నా క్యారజీనన్‌కి (ఇదీ సముద్రపు పాచి జిగురే) కావాలి. పొటాషియంతో కప్పా రకం గట్టిగా వస్తుంది, కాల్షియంతో అయోటా మెత్తగా వస్తుంది, ఎందుకో గొలుసుల స్థాయిలో చూడాలని ఉంది.

ట్రాంబే_టిఫిన్
ఆదివారం పెడతాను.

జిగురుపిల్ల
తొమ్మిది రోజుల తరువాత వచ్చాను. చేసినవి రాస్తున్నాను.

ఒకే జెల్, మూడు ముక్కలు. మైనస్ 20లో సగటు రంధ్రం దాదాపు 160 మైక్రాన్లు. మైనస్ 80లో 70. ద్రవ నైట్రోజన్‌లో 20 కన్నా తక్కువ, అదీ ఒక దిక్కుకి సాగి గీతలు గీతలుగా. ఫొటోలు పక్కపక్కన పెట్టి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నా నోట్‌బుక్‌లో కొట్టేసిన ఆ పాత బ్యాచ్ తప్పు కానేకాదు.

మెగ్నీషియం గొట్టం వంచితే నీళ్ళలా కారింది, కాల్షియం గొట్టం తిరగేసినా కదల్లేదు. సిట్రేట్‌లో జెల్ పావుగంటలో మాయం. ఉప్పు పెంచుతూ పోతే కైటోసాన్ పొర మొదట ఉబ్బి, తరువాత పొరలు పొరలుగా లేచింది. యూరియాలో మాత్రం ఏమీ జరగలేదు. కాబట్టి "బలమైన హైడ్రోజన్ బంధాలు" అన్న పేరా మొత్తం కొట్టేశాను. నాకు ఆ పేరా చాలా ఇష్టం.

దేవి అక్కా, 70 డెక్‌స్ట్రాన్ లోపలికి వెళ్ళింది, నెమ్మదిగా. 2000ది రెండు రోజులైనా అంచు దగ్గరే ఉంది.

డెక్‌స్ట్రాన్_దేవి
అంటే కన్ను పన్నెండు నానోమీటర్ల పైన, యాభై లోపల. రాజు గారి 8 కన్నా పెద్దది. మధ్యలో 500 డెక్‌స్ట్రాన్ కూడా వెయ్యి, ఇంకా బిగుస్తుంది.

రియోమీటర్_రాజు
నా 8 ఓడిపోయినందుకు సంతోషం. నిజంగానే అంటున్నా. ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకో రాయమ్మా. కట్టలు కట్టిందని చెప్పడానికి ఆ తేడానే నీ మొదటి ఆధారం.

కొల్లాయిడ్_మావయ్య
గైడ్ గారు ఏమన్నారు?

జిగురుపిల్ల
మూడు ఫొటోలు, రెండు గొట్టాలు ఆయన బల్ల మీద పెట్టాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత తన పాత పేపర్ ఒకటి తీసి, అందులో సెమ్ ఫొటో చూసి, "ఇదీ అంతేనన్నమాట" అన్నారు. అదే జర్నల్‌కి తిరిగి పంపుతున్నాం. శీర్షికలోంచి "నానోస్ట్రక్చర్డ్" ప్రస్తుతానికి తీసేశాను. గడువు ఇంకో నెల పెంచమని ఎడిటర్‌కి రాశాం. వచ్చే గురువారం ల్యాబ్ సాక్స్ స్లాట్ దొరికింది, కాల్షియం అయిదు గాఢతల్లో, జీడీఎల్‌తో లోపల్నుంచి బిగించినవే తీసుకెళ్తున్నాను.

హనుమకొండ_హైడ్రోజెల్
శభాష్ చెల్లె. ఎండు స్పాంజి ఫొటో మాత్రం ఉంచుకో, మర్చిపోకు.

జిగురుపిల్ల
ఉంచాను అన్నా, మీరు చెప్పిన పేరుతోనే. ట్రాంబే అన్నా, ఒక్క ప్రశ్న. జెల్‌ని కేపిల్లరీలోకి ఎక్కించేటప్పుడు ముక్కలవుతోంది. బయట బిగించి తోయాలా?

ట్రాంబే_టిఫిన్
తోయొద్దు, నలుగుతుంది. జీడీఎల్ వేసి కలిపిన వెంటనే, ఇంకా పోసుకునేట్టు ఉండగానే కేపిల్లరీలోకి లాగు. లోపలే బిగుసుకుంటుంది. మూతి మైనంతో మూసెయ్యి, లేకపోతే గురువారం లోపు ఎండిపోతుంది.

జిగురుపిల్ల
సరే అన్నా. బుధవారం రాత్రి చేసి, ఉదయం బస్సులో చేతిలోనే పట్టుకెళ్తాను.